నాద పరిశోధకుడు – సి.వి. రామన్

కుండ కొనేవారు ముందుగా దానిని ఎత్తి పట్టుకొని వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే అది చక్కగా కాలిన కుండ. మొద్దుగా పలికితే, పైకి ఎంత నునుపుగా కనిపించినా పక్కన పెడతారు. రాతి పనివారు కూడా అంతే. పలకను సుత్తితో తేలికగా తట్టి, లోపల చీలిక ఉన్నదో లేదో చెప్పగలుగుతారు. మార్టూరు, బల్లికురవల వంటి గ్రానైటు సీమలో రాతిని నమ్ముకొని బతికేవారికి ఇది కొత్త విద్య కాదు. కన్ను చూడలేని విషయాన్ని చెవి ఈ విధంగా తెలుసుకొంటున్నది. అయితే ఒక ధ్వని శ్రుతిబద్ధంగా ఉన్నదనీ, మరొకటి వట్టి చప్పుడనీ చెవి దేనిని బట్టి నిర్ణయిస్తుంది? వాద్యాలు చేసేవారికీ, వాయించేవారికీ అనుభవంతో తెలిసిన ఈ రహస్యానికి శాస్త్రరీత్యా సమాధానం వెతికినవారిలో అగ్రగణ్యుడు చంద్రశేఖర వేంకట రామన్. లోకం ఆయనను కాంతి శాస్త్రవేత్తగా ఎరుగును. కాని కాంతి ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టక ముందు ఎన్నో ఏళ్లు ఆయన మనస్సును ఆకట్టుకొన్నది నాదమే.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించాడు. తల్లి పార్వతి అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల ఉపన్యాసకుడిగా ఉద్యోగం లభించడంతో కుటుంబం విశాఖకు తరలివచ్చింది. ఆ విధంగా రామన్ బాల్యం తెలుగునేలపై, సముద్రపు హోరు వినిపించే ఊరిలో గడిచింది. ఇంట్లో ఒకవైపు భౌతికశాస్త్ర గ్రంథాలు, మరొకవైపు తండ్రి వాయించే ఫిడేలు. అన్న సుబ్రహ్మణ్య అయ్యర్ కూడా పెరిగి పెద్దవాడై ఫిడేలు వాయించడమే కాక సంగీతశాస్త్రంపై గ్రంథాలు రచించాడు. 1983లో నోబెల్ బహుమతి పొందిన ఖగోళ భౌతికశాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఈ అన్నగారి కుమారుడే.

రామన్ విశాఖలోని సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్, పదమూడేళ్లకు నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పూర్తి చేశాడు. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఏ. పట్టాను, భౌతికశాస్త్రంలో బంగారు పతకాన్ని పొందాడు. 1906లో, విద్యార్థిగా ఉండగానే, ఆయన తొలి పరిశోధన వ్యాసం లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మేగజైన్‌లో అచ్చయింది. 1907లో ఎం.ఏ. పరీక్షలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

విద్యార్థి దశలో ఆయన చేతికి చిక్కిన ఒక గ్రంథం ఆయన జీవితానికి దారి చూపింది. అది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల అనుభూతిని గురించి 1863లో ప్రచురించిన గ్రంథం. యూక్లిడ్ జ్యామితి, ఎడ్విన్ ఆర్నాల్డ్ బుద్ధ చరిత్ర కావ్యం, ఈ గ్రంథం – తనను తీర్చిదిద్దినవి ఈ మూడేనని రామన్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ వైద్యుడు, భౌతికశాస్త్రవేత్త, సంగీతాభిమాని. తీగ ఒక్కసారి మీటగానే ఒకే స్వరం పుట్టదనీ, ప్రాథమిక స్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలు గల అనుస్వరాలు కూడా కలిసి పుడతాయనీ, చెవి ఆ మిశ్రమాన్ని విడదీసి గ్రహిస్తుందనీ ఆయన వివరించాడు. వీణనూ వేణువునూ ఒకే శ్రుతిలో వాయించినా ఏది ఏదో మనం గుర్తుపట్టడానికి కారణం ఆ అనుస్వరాల పాళ్లలోని తేడాయే. అయితే హెల్మ్‌హోల్ట్జ్ పరిశీలించిన వాద్యాలన్నీ పాశ్చాత్య వాద్యాలు. వీణ, తంబుర, మృదంగం ఆయన పరిధిలోకి రాలేదు. ఆ గ్రంథం చదివిన విద్యార్థి ఇంట్లో మాత్రం దక్షిణాది సంగీతం నిత్యం వినిపించేది.

ఆ రోజులలో మన దేశంలో శాస్త్ర పరిశోధన జీవనాధారం కాగలదని ఎవరూ అనుకొనేవారు కారు. రామన్ కూడా ఆర్థికశాఖ పోటీ పరీక్ష రాసి 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. ఆ ఏడాదే లోకసుందరితో వివాహం జరిగింది. ఆమె వీణ వాయించేది. కలకత్తాలో బౌబజారు వీధి గుండా వెళుతూ ఒకనాడు ఆయన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే పేరు గల ఫలకాన్ని చూశాడు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఆ సంస్థలో ప్రయోగశాల ఉన్నా ప్రయోగాలు చేసేవారు లేరు. నాటి నుంచి రామన్ దినచర్య మారిపోయింది. తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు లెక్కల కార్యాలయం, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల. రాత్రి పొద్దుపోయాక ఇల్లు. ఆశుతోష్ డే అనే సహాయకుడు తప్ప ఆయనకు తోడెవరూ లేరు. ఖరీదైన పరికరాలు కొనే స్తోమత సంస్థకు లేదు. తీగ, చర్మం, విల్లు, ఇసుక వంటి సామాన్య వస్తువులతో చేయదగిన శాస్త్రం ధ్వనిశాస్త్రం. ఆయన నాదాన్ని ఎంచుకోవడానికి అభిరుచి ఎంత కారణమో ఈ పేదరికమూ అంతే కారణం.

1909లో ఆయన ఏకతారపై ఒక వ్యాసం ప్రకటించాడు. బైరాగుల చేతిలో మోగే ఒంటితీగ వాద్యాన్ని గణిత పత్రికలోకి ఎక్కించడం ఆనాటికి విశేషమే. తరువాత ఫిడేలు వైపు దృష్టి మళ్లింది. కమాను తీగపై రాసుకొన్నప్పుడు తీగ నిజంగా ఏ విధంగా కదులుతుందో ఛాయాచిత్రాలు తీసి, లెక్క కట్టి, 1918లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు. ఫిడేలు, చెల్లో వంటి వాద్యాలలో ఏదో ఒక స్వరం దగ్గర నాదం నిలకడ లేక వణుకుతుంది. దానిని తోడేలు స్వరం అంటారు. దాని కారణాన్ని కూడా వెదికాడు. మనిషి చేయి ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే వేగంతో కమానును లాగలేదు. అందువల్ల ఆయన ఒక యంత్రాన్ని నిర్మించి దానిచేత ఫిడేలు వాయింపజేశాడు. సంగీతాన్ని యంత్రానికి అప్పగించడం ఆయన ఉద్దేశం కాదు. చేతి చలువ ఎంతో, కర్రా తీగల గుణం ఎంతో వేరుచేసి చూడటమే ఆయన కోరిక.

పాశ్చాత్య గ్రంథాలలోని నియమానికి మన వాద్యం లొంగని సందర్భం వీణ, తంబురల విషయంలో ఎదురైంది. తీగను ఏ బిందువు వద్ద మీటుతామో, ఆ బిందువు అస్పందన స్థానంగా గల అనుస్వరం ఆ నాదంలో వినిపించరాదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల సూత్రం. ఉదాహరణకు తీగను సరిగ్గా నడిమధ్య మీటితే రెండవ అనుస్వరం పుట్టరాదు. తంబురలో, వీణలో మాత్రం ఆ అనుస్వరం స్పష్టంగా పలుకుతుంది. రామన్ దీనికి కారణాన్ని మెట్టులో కనుగొన్నాడు. ఫిడేలు మెట్టుకు అంచు పదునుగా ఉంటుంది. వీణ, తంబురల మెట్టు వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కంపిస్తున్న తీగ ఆ వంపును తాకుతూ, వదులుతూ పోతుంది. తంబురలో ఆ తాకిడిని సవరించేందుకు తీగ కింద ఒక నూలుపోగును జరుపుతారు. దానిని జీవా అంటారు. గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఎకరాల కొద్దీ పండే పత్తి నుంచి వచ్చే పోగు వంటిదే అది. వెంట్రుకవాసి జరిపితే చాలు, మూగగా ఉన్న తీగ ఝుమ్మని ప్రాణం పోసుకొంటుంది. ఆ మాట అలంకారం కాదు, ఆ నూలుపోగు పేరులోనే ప్రాణం ఉన్నది. ఈ పరిశీలనలను రామన్ 1921లో ప్రకటించాడు.

ఆయన ధ్వని పరిశోధనలన్నింటిలో ఎక్కువ దూరదృష్టి గలది మృదంగాన్ని గురించినది. దాని ప్రాముఖ్యం తెలియాలంటే ముందు తీగకూ చర్మానికీ ఉన్న తేడా తెలియాలి. తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తే, దాని అనుస్వరాలు 200, 300, 400 అనే క్రమంలో ఉంటాయి. అవి ఒక తల్లి బిడ్డల వలె ఒకదానితో ఒకటి కలిసిపోయి, చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. బిగించిన చర్మం అలా కాదు. సమానంగా పరచిన చర్మంపై దెబ్బ వేస్తే ప్రాథమిక స్వరానికి 1.59, 2.14, 2.30, 2.65 రెట్లు గల అతిస్వరాలు పుడతాయి. ఈ అంకెలలో పొందిక లేదు. అందువల్ల చెవి వాటిని ఒక చోట చేర్చలేక, ఆ ధ్వనికి ఒక స్థాయిని నిర్ణయించలేక, చప్పుడుగానే స్వీకరిస్తుంది. డప్పు, డోలు వంటి వాద్యాలు లయకే గాని స్వరానికి పనికిరావని పాఠ్యగ్రంథాలు తీర్మానించడానికి ఇదే ఆధారం.

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు తన వాద్యాన్ని గాయకుని శ్రుతికి చేర్చుకొంటాడు. చిన్న రాయితో, కొయ్యముక్కతో అంచు చుట్టూ మెల్లగా తట్టుతూ, చెవి ఒగ్గి వింటూ సవరిస్తాడు. స్థాయి అంటూ లేని వాద్యాన్ని శ్రుతి చేయడం ఎలా సాధ్యం? గ్రంథం చెప్పినది నిజమైతే శతాబ్దాలుగా మన విద్వాంసులు లేనిదానిని విన్నట్లు భ్రమపడుతున్నారని అనుకోవాలి. చెవి చెప్పినది నిజమైతే గ్రంథంలో ఎక్కడో లోపం ఉండాలి. రామన్ చెవి పక్షం వహించాడు. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించి, భారతీయ మృదంగం అనుస్వరాలు పలికే వాద్యమని ప్రపంచానికి తెలియజేశాడు.

ఆ తరువాత జీవితం ఆయనను వేరొక దారిన నడిపించింది. అప్పటికే, 1917లో, ఆర్థికశాఖలోని ఉన్నత పదవిని వదలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవిని స్వీకరించి ఉన్నాడు. జీతం దాదాపు సగానికి తగ్గింది. విదేశాలలో శిక్షణ పొంది ఉండాలన్న నిబంధనకు తాను ఒప్పుకోనని ముందే చెప్పి, దానిని సడలింపజేసుకొని మరీ చేరాడు. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల సభకు తొలిసారి విదేశయానం చేశాడు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కింద గోడవార గుసగుసగా పలికిన మాట ఆవలివైపు స్పష్టంగా వినిపించడం గమనించి దానిపైనా పరిశోధన చేశాడు. స్వదేశానికి వచ్చాక బీజాపూర్ గోల్ గుంబజ్ మొదలైన కట్టడాలను కూడా అదే దృష్టితో పరిశీలించాడు. ఆ ప్రయాణంలోనే మధ్యధరా సముద్రపు నీలిమ ఆయన కంటబడింది. ఆ రంగు కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదని, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల కలుగుతున్నదని ఆయన నిరూపించాడు. నాదం వెనుకకు జరిగి కాంతి ముందుకు వచ్చింది. 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్ బహుమతి – ఇవన్నీ అందరికీ తెలిసిన ఘట్టాలే. ఆ రోజులలో కలకత్తాలో ఆయన వద్ద పనిచేసిన కృష్ణా జిల్లా ఆగిరిపల్లి వాసి సూరి భగవంతం 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, రామన్ బాల్యం గడిపిన విశాఖలోనే భౌతికశాస్త్ర పరిశోధనకు పునాదులు వేశాడు.

ఇంత జరిగినా ధ్వనిపై ఆయనకు ఉన్న అధికారాన్ని విద్వల్లోకం మరువలేదు. 1927లో జర్మనీలో వెలువడిన బృహత్తర భౌతికశాస్త్ర గ్రంథమాలలో సంగీత వాద్యాలను గురించిన అధ్యాయాన్ని రాసే బాధ్యతను ఆయనకే అప్పగించారు. హెల్మ్‌హోల్ట్జ్ పుట్టిన దేశం ఆ పనిని ఒక భారతీయుడికి అప్పగించడం సామాన్య విషయం కాదు. 1933లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు సంచాలకుడై వెళ్లిన తరువాత, నోబెల్ కీర్తి నెత్తిమీద ఉండగా, ఆయన మళ్లీ మృదంగాన్ని చేతిలోకి తీసుకొన్నాడు. 1934లో భారతీయ మృదంగాలపై ప్రకటించిన విపుల వ్యాసం పద్నాలుగేళ్ల నాటి చిన్న వ్యాసానికి పూర్తి రూపం.

ప్రయోగం చాలా సులభమైనది. మృదంగం కుడివైపు చర్మంపై సన్నని ఇసుక చల్లుతారు. విద్వాంసుడు వాయించే తీరులోనే ఒక వేలిని చర్మంపై తేలికగా ఆనించి మరొక వేలితో దెబ్బ వేస్తారు. కదులుతున్న చోటి నుంచి ఇసుక ఎగిరి, కదలిక లేని చోట్లకు చేరి గీతలుగా నిలుస్తుంది. చెవికి వినిపించే స్వరాన్ని ఈ విధంగా కంటికి కనిపించే బొమ్మగా మార్చి రామన్ లెక్కపెట్టాడు. చర్మం తొమ్మిది విధాలుగా కంపిస్తున్నది. కాని ఆ తొమ్మిదీ తొమ్మిది వేర్వేరు స్వరాలు కావు. మొదటి కంపనం ప్రాథమిక స్వరాన్ని ఇస్తున్నది. రెండవది సరిగ్గా దానికి రెట్టింపు. తరువాతి రెండు కలిసి మూడవ అనుస్వరం, ఆపై రెండు కలిసి నాలుగవది, చివరి మూడు కలిసి అయిదవది. మామూలు చర్మంలో చెల్లాచెదురుగా ఉండే స్వరాలు ఇక్కడ 1, 2, 3, 4, 5 అనే వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. తీగకు ప్రకృతి ఇచ్చిన క్రమాన్ని మనిషి చర్మానికి నేర్పాడు.

ఆ పని చేసినది చర్మం నడుమ ఉన్న నల్లని మచ్చ. ఇనుము వంటి లోహం కలిసిన రాతిపొడిని అన్నపు జిగురుతో నూరి, పలుచని పొరలు పొరలుగా పూసి, ఆరిన ప్రతి పొరనూ రాయితో రుద్ది దానిని తయారుచేస్తారు. నడుమ మందంగానూ, అంచులకు పోయేకొద్దీ పలుచగానూ ఉంటుంది. ఆ బరువు చర్మం కంపించే తీరును మార్చి, పొందిక లేని అతిస్వరాలను ఒక్కొక్కటిగా సరైన చోటికి లాగుతుంది. పొర ఒకటి ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది. తక్కువైతే శ్రుతి నిలవదు. ఎడమవైపు చర్మానికి మాత్రం కచేరీ సమయంలో తడిపిన పిండిముద్దను అద్ది, అది ముగియగానే తీసివేస్తారు.

ఈ పనిని తరతరాలుగా చేస్తున్నవారు చర్మకార వృత్తికి చెందిన కుటుంబాలవారు. పౌనఃపున్యం అనే మాట వారు ఎరుగరు. పనస కర్రను తొలిచిన డొల్లపై చర్మం బిగించి, పొర పూసి, తట్టి విని, మళ్లీ పూసి, గీకి, మళ్లీ విని సరిచేస్తారు. వారి ప్రయోగశాల వారి చెవి. వారు సిద్ధం చేసిన వాద్యం వేదిక మీద అగ్రతాంబూలం అందుకొన్నది గాని, వారికి ఆ వేదిక పక్కన నిలబడే గౌరవం కూడా చాలాకాలం దక్కలేదు. ప్రాచీన భారతీయుల ధ్వనిశాస్త్ర పరిజ్ఞానాన్ని గురించి 1922లోనే ప్రత్యేకంగా వ్యాసం రాసిన రామన్, మృదంగ నిర్మాణంలోని నేర్పును గొప్ప ఆవిష్కారంగా గుర్తించాడు. ఆ నల్లని మచ్చను మొదట పూసి చూసిన మనిషి ఎవరో చరిత్ర చెప్పలేదు.

మృదంగంలో మరొక విశేషం ఉన్నది. అంచు మీద వాయించే కొన్ని దెబ్బలలో ఉంగరపు వేలు చర్మాన్ని తాకి ఉండటం వల్ల ప్రాథమిక స్వరం అణగిపోతుంది. పై అనుస్వరాలు మాత్రమే మోగుతాయి. అయినా ఆ నాదం శ్రుతిలోనే ఉన్నట్లు వినిపిస్తుంది. చెవి గ్రహణశక్తిని గురించిన ఒక పాత వివాదానికి దీనికీ దగ్గరి చుట్టరికం ఉన్నది. 200, 300, 400 పౌనఃపున్యాలు గల స్వరాలను కలిపి వినిపిస్తే, అందులో లేని 100 స్థాయినే మనిషి వింటాడు. 1840లలో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ ఇటువంటి విషయాన్ని గమనించగా, ఓమ్ దానిని అంగీకరించలేదు. హెల్మ్‌హోల్ట్జ్ ఓమ్ పక్షం వహించాడు. 20వ శతాబ్దపు పరిశోధనలు సీబెక్ గమనించినది నిజమేనని తేల్చాయి. చెవి తన వద్దకు వచ్చిన స్వరాలను విడదీసి ఊరుకోదు. వాటి మధ్య గల క్రమాన్ని బట్టి ఒక స్థాయిని తానే నిర్ణయించుకొంటుంది. పాత టెలిఫోను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల వరకే ధ్వనిని పంపేది. పురుషుల కంఠంలోని ప్రాథమిక స్వరం సాధారణంగా అంతకంటె తక్కువ. అది తీగ వెంట రానేరాదు. అయినా మాట్లాడుతున్నది తండ్రే అని బిడ్డ గుర్తుపట్టడానికి ఈ శక్తే తోడ్పడింది. వరుస తప్పిన స్వరాలకు మాత్రం చెవి అటువంటి సాయం చేయదు. నల్లని మచ్చ లేని చర్మం శ్రుతి పలకకపోవడానికీ, పగిలిన కుండ పలుకు చెవికి ఇంపుగా లేకపోవడానికీ ఇదే మూలం.

నేడు ధ్వని ద్వారా సమాచారాన్ని తెలిపే పరికరాలు నిర్మించేవారికి ఈ విషయాలన్నీ నిత్యం అవసరమవుతున్నాయి. శస్త్రచికిత్స జరుగుతున్నప్పుడు రోగి వేలికి తగిలించిన ఆక్సీమీటరు ప్రతి నాడికీ ఒక కూత పెడుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ ఆ కూత స్థాయి తగ్గుతుంది. వైద్యుడు తల తిప్పి అంకెలు చూడనక్కరలేదు. చేతులు పనిలో ఉండగానే చెవి హెచ్చరిక అందుకొంటుంది. అక్కడ చెవి పొరబడితే పోయేది ప్రాణం. అందుకే చెవి స్వభావం తెలియకుండా ఇటువంటి పరికరాన్ని తయారుచేయరాదు. చెవి అంకెల తేడాను గాక నిష్పత్తిని గ్రహిస్తుంది. 200 నుంచి 400కు ఎంత ఎక్కినట్లు తోస్తుందో 400 నుంచి 800కు అంతే ఎక్కినట్లు తోస్తుంది. ఒక స్వరాన్ని ఒంటరిగా వినిపించి దాని స్థాయి ఎంతో చెప్పమంటే నూటికి తొంభైతొమ్మిది మంది చెప్పలేరు. మరొక స్వరం పక్కన ఉంటే ఎక్కువో తక్కువో సామాన్యులు కూడా తేలికగా చెప్పగలరు. గాయకుని వెనుక తంబుర మోగుతూ ఉండవలసిన అవసరం ఇదే. ధ్వనిరూపంలో పటాలు గీసేవారు కూడా పోల్చుకోవడానికి ఒక ఆధార స్వరాన్ని వినిపించడం ఉపయోగకరమని గుర్తించారు. ఒట్టి ఒంటి కూత కంటె, క్రమమైన అనుస్వరాలు నిండిన స్వరంలోనే చెవి స్థాయిని నిలకడగా పట్టుకొంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వేడి పెరుగుతున్నదని చెప్పడానికి స్వరం పైకి పోవడం చాలామందికి సహజంగా తోస్తుంది. వస్తువు పరిమాణం పెరుగుతున్నదని చెప్పడానికి మాత్రం స్వరం కిందికి దిగడమే సబబని తోచేవారున్నారు. పెద్ద గంట మంద్రంగానూ, చిన్న గంట తారంగానూ మోగడం చూచిన అనుభవం అటువంటిది.

చూపు లేనివారికి స్వరమే సమాచారం. రామన్ పెరిగిన విశాఖలోనే పెరిగిన ద్వారం వేంకటస్వామి నాయుడు చూపు మందగించడం వల్ల బడి చదువుకు దూరమై, ఫిడేలునే చదువుగా చేసుకొని, 1936లో విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. తంబుర నాదంలో దాగి ఉన్న స్వరాలపై ఆయనకూ అపారమైన శ్రద్ధ. ఒకరు భౌతికశాస్త్రం నుంచి, మరొకరు సంగీతం నుంచి బయలుదేరి ఒకే తీగ వద్దకు చేరారు.

రామన్ శేష జీవితం బెంగుళూరులోనే గడిచింది. సంస్థలో తలెత్తిన విభేదాల వల్ల 1937లో సంచాలక పదవి వదలినా 1948 వరకు ఆచార్యుడిగా కొనసాగాడు. ఆ ఏడాది రామన్ పరిశోధన సంస్థను నెలకొల్పాడు. 1954లో భారతరత్న లభించింది. వజ్రాలు, రత్నాలు, పూల రంగులు ఆయనను ముసలితనంలోనూ పసివాడిని చేశాయి. చివరి దశాబ్దంలో కంటి చూపు స్వభావాన్ని పరిశోధించి 1968లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో హెల్మ్‌హోల్ట్జ్ సమర్థించిన మూడు రంగుల సిద్ధాంతాన్ని ఆయన త్రోసిపుచ్చాడు. శాస్త్రలోకం దానిని అంగీకరించలేదు. మృదంగం విషయంలో గ్రంథాన్ని కాదని ఇంద్రియాన్ని నమ్మి గెలిచిన మనిషి, కంటి విషయంలో అదే ధైర్యంతో ఓడిపోయాడు. మృదంగానికి ఇసుక గీతలు సాక్ష్యం చెప్పాయి. రంగులకు ఆయన కన్ను ఒక్కటే సాక్షి.

1970 నవంబరు 21న రామన్ కన్నుమూశాడు. ఆడంబరాలేవీ లేకుండా, ఆయన కోరిక ప్రకారం, పరిశోధన సంస్థ తోటలోనే దహన సంస్కారం జరిపారు. ఆ చోట ఒక చెట్టు నాటారు. మృదంగంపై ఆయన వ్యాసాలను ఆధారం చేసుకొని తరువాతి తరాలవారు కంప్యూటర్లతో నల్లని మచ్చ బరువును, వెడల్పును లెక్కకట్టారు. ఇసుకతో ఆయన చూపిన క్రమం ఆ లెక్కలలోనూ కనిపించింది.